కరెంటు తోపడాకు ధూళి బెడద
కాలిఫోర్నియాలో సర్ఫ్‌బోర్డులకు రూపమిచ్చే పనివారు పాలీయురెథేన్ ఫోమ్ దిమ్మెను చిత్రిక పట్టే కరెంటు తోపడా నిజానికి వడ్రంగం కోసం పుట్టిన పనిముట్టు. ఈ తోపడాల్లో స్కిల్ 100 అనే పాత నమూనా, తయారీ ఏనాడో ఆగిపోయినా, మోటారు తిరుగుతుండగానే కోత లోతును మార్చుకునే వీలుండటం వల్ల నేటికీ గిరాకీ కోల్పోలేదు. ఫోమ్ మెత్తనిది గనుక యంత్రానికి శ్రమ ఉండదన్న మాట సగమే నిజం, ఎందుకంటే పిండిలాంటి దాని ధూళి బేరింగుల గ్రీజులో కలిసి ముద్దకట్టడమే కాక, కార్బన్ బ్రష్షులను, అంటే తిరిగే కమ్యుటేటర్‌కు ఆనుకుని కరెంటు అందించే బొగ్గు ముక్కలను, వాటి గూళ్లలో కదలనివ్వదు. స్ప్రింగు నెట్టినా బ్రష్షు ముందుకు జరగనప్పుడు నిప్పురవ్వలు పెరిగి కమ్యుటేటర్ రాగి పలకలు నల్లబడతాయి. ఆ దశలోనే ఆర్మేచర్‌ను, అంటే మోటారులో తిరిగే భాగాన్ని, మార్చమనడం తొందరపాటు. ప్లగ్గు తీసి, గూళ్లు తుడిచి, అరిగిన బ్రష్షులను జతగా మార్చితే చాలాసార్లు యంత్రం మళ్లీ దారికొస్తుంది. శుభ్రం చేసేటప్పుడు కంప్రెసర్ గాలితో ఊదే అలవాటు మాత్రం మానుకోదగినది, అది ధూళిని బేరింగుల్లోకీ (పక్కనున్నవారి ఊపిరితిత్తుల్లోకీ) తోస్తుంది; వాక్యూమ్ క్లీనర్‌తో పీల్చడమే మేలు. ఇక రెండు బ్లేడ్ల రకమైతే, పదును పెట్టాక వాటి ఎత్తు సమానంగా లేకుంటే ఒక్క బ్లేడే కోస్తుంది, ఫోమ్ మీద సన్నటి అడ్డగీతలు తేలుతాయి.