పట్టాలు తర్వాత, టిక్కెట్టు ముందు

బద్వేలుకు రైలు వస్తుందా, రాదా అన్న చర్చ ఈనాటిది కాదు. ఎన్నికలు దగ్గరపడితే వేడెక్కుతుంది, ఓట్లు పడ్డాక చల్లారుతుంది. అయితే ఈ చర్చలో పడి జనం మరచిపోతున్న సంగతి ఒకటున్నది. ఊరికి పట్టాలు రావాలంటే ఏండ్లు పడుతుంది. రైలు టిక్కెట్టు రావడానికి అన్ని ఏండ్లు అక్కరలేదు. ముందుగా గట్టిగా అడగవలసింది దానిని.

రైలు ఇటువైపు ఎందుకు రాలేదో పెద్దలకు తెలిసినదే. మద్రాసు రైల్వే కంపెనీ వారు 1860 దశకంలో వేసిన దారి కోడూరు, రాజంపేట, నందలూరు, కడప, ఎర్రగుంట్ల మీదుగా సాగి, 1871లో రాయచూరు వద్ద బొంబాయి వైపు నుంచి వచ్చిన దారిని కలిసింది. లంకమలకు, వెలిగొండలకు నడుమ ఉన్న సగిలేటి సీమ ఆ దారికి పక్కన పడిపోయింది. నేటికీ బద్వేలు వారికి రైలంటే కడప స్టేషనే. కలసపాడు వైపు వారు గిద్దలూరు చూసుకుంటారు.

కొండలు అడ్డమన్న మాట ఇప్పుడు చెల్లదు. ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలం దాకా వేసిన కొత్త మార్గంలో, చెర్లోపల్లి, రాపూరుల మధ్య అవే వెలిగొండలను 6.6 కిలోమీటర్ల పొడవున తొలిచి సొరంగం వేశారు. 2019 సెప్టెంబరు 1న దానిని ప్రారంభించారు. కృష్ణపట్నం రేవు సరుకు కదలాలి గనుక కొండకు దారి పడింది. మనుషుల రాకపోకలకు కూడా అంత విలువ కట్టాలని అడగడంలో తప్పు లేదు. అడుగుతూనే ఉండాలి.

కాని అడిగినంత మాత్రాన రేపే రాదు. పొరుగునున్న ప్రొద్దుటూరు అనుభవమే చూడండి. నంద్యాల, ఎర్రగుంట్ల మార్గం 1996-97లో మంజూరయితే, ప్రయాణికుల రైలు నడిచింది 2016 ఆగస్టులో. మంజూరైన ఏట పుట్టిన బిడ్డకు అప్పటికి ఇరవై ఏండ్లు నిండవచ్చాయి. కడప, బెంగళూరు మార్గం 2008-09లో మంజూరైంది. అక్కడ పట్టాలు పడింది పెండ్లిమర్రి వరకే. కనుక రైలు మార్గం వచ్చేదాకా మిగతావన్నీ వాయిదా వేసుకుంటే నష్టపోయేది పల్లె జనమే.

ఆ నష్టం ఎక్కడ తగులుతుందో ఒక ఉదాహరణ చాలు. 2020 మార్చిలో రైల్వే శాఖ వయోవృద్ధుల రాయితీని తీసివేసింది. అంతకుముందు 60 ఏండ్లు నిండిన మగవారికి నూటికి 40, 58 ఏండ్లు నిండిన ఆడవారికి నూటికి 50 వంతున తగ్గింపు ఉండేది. అయితే విద్యార్థులకు, నాలుగు తరగతుల వికలాంగులకు, 11 రకాల రోగులకు రాయితీ అప్పుడు కూడా తీసివేయలేదు. చికిత్సకు పోయే క్యాన్సర్ రోగికి స్లీపరులోను, మూడవ తరగతి ఏసీలోను టిక్కెట్టు పూర్తిగా ఉచితం. తోడు పోయే మనిషికి నూటికి 75 వంతులు తగ్గింపు. గుండె ఆపరేషనుకు పోయేవారికి, డయాలిసిస్ చేయించుకునే కిడ్నీ రోగులకు, తలసేమియా బిడ్డలకు కూడా రాయితీలున్నాయి.

ఈ సంగతి చాలా పల్లెల్లో తెలియదు. తెలిసిన వారికి మరొక చిక్కు. రోగుల రాయితీ టిక్కెట్టు సెల్‌ఫోనులో దొరకదు. డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్టు పట్టుకొని రిజర్వేషన్ కౌంటరుకు పోవాలి. దగ్గరలో పనిచేసే కౌంటరు లేకపోతే కడపకు 50, 60 కిలోమీటర్లు బస్సులో పోయి రావాలి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి ఛార్జీ లేదు గనుక ఆ ఖర్చు కొంత తగ్గింది. పోయిన రోజు కూలి మాత్రం తిరిగి రాదు. అందుకే చాలామంది వేలూరుకో, హైదరాబాదుకో పూర్తి డబ్బు పెట్టి పోతున్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమీయలేదన్న సామెత ఇలాంటి చోటే గుర్తుకొస్తుంది.

చేతిలో ఫోనుండగా కౌంటరు దేనికని కుర్రవాళ్లు అంటారు. వారి మాటలో నిజం లేకపోలేదు. 2002లో ఇంటర్నెట్టులో టిక్కెట్లు మొదలైన తర్వాత లక్షలాది మందికి క్యూలో నిలబడే బాధ తప్పింది. ఫోను టిక్కెట్టు రద్దయితే డబ్బు దానంతట అదే ఖాతాలో పడుతుంది. కౌంటరు టిక్కెట్టును ఇంటి నుంచి రద్దు చేసుకునే వీలున్నా, డబ్బు కోసం మళ్లీ కౌంటరుకే పోవాలి. ఇది ఫోనుకున్న మేలు.

కాని రెండో పక్క కూడా చూడాలి. ఫోనులో కొన్న టిక్కెట్టు చార్టు తయారయ్యేనాటికి పూర్తిగా వెయిటింగులోనే ఉంటే అది రద్దయిపోతుంది. దానితో రైలెక్కితే టిక్కెట్టు లేని ప్రయాణమే. కౌంటరులో కొన్న వెయిటింగు టిక్కెట్టుతో స్లీపరులో ఎక్కకూడదు గాని, జనరల్ పెట్టెలో పోవచ్చు. ఆసుపత్రి తేదీకి ఎట్లాగైనా చేరవలసిన వారికి ఈ తేడా చిన్నది కాదు.

తత్కాల్ సంగతి మరీ ముఖ్యం. 2025 జూలై 1 నుంచి ఆధార్ ధ్రువీకరణ చేసుకున్న వారికే ఇంటర్నెట్టులో తత్కాల్ టిక్కెట్టు. ఏసీకి ఉదయం 10 గంటలకు, మిగతా తరగతులకు 11 గంటలకు మొదలయితే, మొదటి 30 నిమిషాలు ఏజెంట్లు కొనరాదు. దొంగ ఖాతాలను అరికట్టడానికి పెట్టిన ఈ కట్టుబాటు మంచిదే. అయితే కొడుకు కువైత్‌లో ఉండి, ఆధార్‌కు కలిపిన నంబరు కొడుకు చేతిలోనే ఉన్న ముసలి తల్లిదండ్రులు ఈ సీమలో తక్కువ కాదు. వారు సొంతంగా కొనలేరు. ఏజెంటు దగ్గరకు పోతే, అతని వంతు వచ్చేసరికి బెర్తులు మిగలవు. ఇలాంటివారికి మిగిలిన దారి కౌంటరు ఒక్కటే.

ఇక్కడ మరొక హెచ్చరిక అవసరం. ఎవరైనా తన సొంత ఖాతాలో టిక్కెట్లు తీసి, పైన డబ్బు వేసుకొని ఇతరులకు అమ్మడం 1989 రైల్వే చట్టం 143వ సెక్షను కింద నేరం. మూడేండ్ల దాకా జైలు, పదివేల దాకా జరిమానా పడవచ్చు. ఇంటర్నెట్టు టిక్కెట్లకు కూడా ఈ సెక్షను వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2025 జనవరిలో తేల్చి చెప్పింది. కనుక కొనేవారు ఆ అంగడికి రైల్వే అనుమతి ఉన్నదా అని అడిగి, టిక్కెట్టు మీద ఉన్న ధర చూసి డబ్బివ్వాలి. అడగడానికి మొహమాట పడితే మోసపోయేది తామే.

రైలు లేని ఊళ్లలో కౌంటర్లు పెట్టడం రైల్వే శాఖకు కొత్త కాదు. తపాలా కార్యాలయాల్లో రిజర్వేషన్ టిక్కెట్లు ఇచ్చే పద్ధతి చాలాకాలంగా ఉన్నది. బద్వేలు ఒక్క ఊరి కోసం కాదు ఈ మాట. గోపవరం, అట్లూరు, బి.కోడూరు, పోరుమామిళ్ల, కాశినాయన, కలసపాడు మండలాల జనానికి అది నడిబొడ్డు. అక్కడ ఒక కౌంటరు నికరంగా, తత్కాల్ వేళతో సహా, రోగుల రాయితీ టిక్కెట్లతో సహా పనిచేయాలి. పేరుకు తెరిచి వారానికి నాలుగు రోజులు మూసిపెట్టే కౌంటరు ఎవరికీ పనికిరాదు.

దానితోపాటు బస్సు ఒకటి కుదరాలి. వెంకటాద్రి, రాయలసీమ, తిరుమల ఎక్స్‌ప్రెస్‌లు కడపకు వచ్చే వేళలు చూసి బద్వేలు డిపో వారు బస్సులు నడిపితే, రైలు దిగిన ఆడవారు, రోగులు బస్టాండులో కాచుకొని కూర్చోవలసిన అవసరముండదు. నెల్లూరు వైపు దారి కూడా మారబోతున్నది. గోపవరం నుంచి కృష్ణపట్నం రేవు దారి దాకా 108 కిలోమీటర్ల నాలుగు వరుసల రోడ్డుకు కేంద్ర మంత్రివర్గం 2025 మేలో ఆమోదం తెలిపింది. అది పూర్తయిన నాడు నెల్లూరు స్టేషను కూడా దగ్గరవుతుంది. ఆ రోడ్డు మీద నడిచే బస్సుల వేళలను రైలు వేళలతో కలపాలని ఇప్పటి నుంచే అడిగితే మంచిది.

కౌంటరు పెడితే టిక్కెట్లు ఎన్ని అమ్ముడుపోతాయని అధికారులు అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్నే. దానికి నినాదాలతో జవాబు చెప్పలేము, లెక్క చూపాలి. ప్రతి పంచాయతీలో రెండు నెలలపాటు ఒక పుస్తకం పెట్టి, ఎవరు ఎక్కడికి రైలులో పోయారు, టిక్కెట్టు ఎక్కడ కొన్నారు, దాని కోసం ఎంత తిరిగారు, రాయితీ ఉండీ వదులుకున్నవారెందరు అని రాసుకుంటే చాలు. ఏడు మండలాల లెక్క కలిపి పార్లమెంటు సభ్యుని చేత గుంతకల్ డివిజను అధికారులకు అందజేయాలి. ఆ కాగితం రేపు రైలు మార్గం అడగడానికీ పనికివస్తుంది. ఇన్ని వేలమంది ఇప్పటికే రైలెక్కుతున్నారని అంకెలతో చూపిన ఊరిని కాదనడం ఎవరికైనా కష్టమే.