ఓడలేని రేవు గండికోట: వచ్చేవారు ఎక్కువ, నిలిచేవారు తక్కువ

పెద్దముడియం (మా ప్రతినిధి): గండికోట అభివృద్ధికి 2024 నవంబరులో కేంద్రం రు. 77.91 కోట్లు మంజూరు చేసిన సంగతి, 2025 ఆగస్టు 1న ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు వచ్చి పనులకు శంకుస్థాపన చేసిన సంగతి పాఠకులకు విదితమే. అంతకు రెండేళ్ళ ముందు, 2023 జులైలో, ఆనాటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి ఇక్కడే ఒబెరాయ్ సంస్థ హోటలుకు శంకుస్థాపన చేశారు. ప్రభుత్వాలు మారినా గండికోట మీద ఆసక్తి తగ్గకపోవడం హర్షణీయమే. అయితే ఇంత జనం వచ్చిపోతున్న చోట జమ్మలమడుగు ప్రాంతపు పేదవానికి ఎంత దక్కుతున్నది అన్న ప్రశ్నకు మాత్రం ఏ శిలాఫలకం మీదా సమాధానం లేదు.

మంజూరైన సొమ్ము గురించి ఒక విషయం ముందుగా చెప్పక తప్పదు. అది గ్రాంటు కాదు, అప్పు. రాష్ట్రాల మూలధన వ్యయానికి కేంద్రం ఇస్తున్న ప్రత్యేక సాయం పథకం కింద, వడ్డీ లేకుండా యాభై ఏళ్ళలో తీర్చవలసిన రుణం. అదే విడతలో దేశంలోని 23 రాష్ట్రాలకు 40 పనులు మంజూరు కాగా, మన రాష్ట్రానికి వచ్చిన రెండింటిలో ఒకటి రాజమహేంద్రవరం వద్ద అఖండ గోదావరి, రెండవది గండికోట. వడ్డీ లేకపోయినా అసలు తీర్చవలసింది ప్రజలే. కనుక ఈ అప్పుతో ఎవరి బ్రతుకు బాగుపడుతుందో అడిగే హక్కు ప్రజలకు వున్నది.

విశాఖ రేవులో జరిగింది ఏమిటి?

కొండల నడుమ వున్న కోట గురించి మాట్లాడుతూ సముద్రం మాట ఎందుకని పాఠకులు అనుకోవచ్చు. కారణం వున్నది. ఇదే రాష్ట్రంలో పర్యాటకుల పేరుతో భారీగా ఖర్చు చేసిన మరొక చోటు విశాఖ రేవు. సుమారు రు. 96 కోట్లతో అక్కడ నిర్మించిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. అంతకు ముందే 2022 జూన్‌లో కార్డీలియా సంస్థకు చెందిన ఎంప్రెస్ నౌక విశాఖకు వచ్చినప్పుడు చూడడానికి జనం తీరానికి తరలి వెళ్ళారు. 2024 ఏప్రిల్‌లో ‘ది వరల్డ్’ అనే విదేశీ నౌక వచ్చింది. 2025లో ఎంప్రెస్ మళ్ళీ చెన్నై, విశాఖ, పుదుచ్చేరిల మధ్య తిరిగింది.

విహార నౌక అంటే కదిలే హోటలు అని ఒక్క మాటలో చెప్పుకోవచ్చు. పడక అందులోనే, భోజనం అందులోనే, ఆటపాటలు అందులోనే. ఉదయం రేవులో దిగిన ప్రయాణీకుడు సాయంత్రానికి తిరిగి నౌక ఎక్కవలసిందే. విశాఖలో దిగినవారు ఆ కొద్ది గంటల్లో కైలాసగిరి చూడవచ్చు, రామకృష్ణా బీచిలోని కురుసుర జలాంతర్గామిని చూడవచ్చు, సింహాచలం వెళ్ళి రావచ్చు. వంద కిలోమీటర్లకు పైగా దూరంలో వున్న అరకుకు పోయి వచ్చేందుకు ఆ వ్యవధి చాలదు. అరకు గిరిజనుడు పండించిన కాఫీ నౌకలోని ప్రయాణీకుని చేతికి అందాలంటే అది విశాఖకు దిగి రావాలి గాని, అతను కొండ ఎక్కడు. రేవుకు నౌక రుసుం ముడుతుంది. బస్సులవారికి, టాక్సీలవారికి ఆ పూట బేరం వుంటుంది. లాడ్జీలకు మాత్రం ఒక్క గది అద్దె కూడా రాదు.

ఈ చిక్కు విశాఖదే కాదు. ఇటలీలోని వెనిస్ నగరం ఒడ్డున పెద్ద నౌకలు ఆగడాన్ని 2021 ఆగస్టు నుంచి నిషేధించారు. అక్కడితో ఆగక, రాత్రి బస చేయకుండా ఒక్క పూట చూసిపోయే వారిమీద 2024 ఏప్రిల్ నుంచి, రద్దీ రోజులలో, 5 యూరోల రుసుం విధించారు. రాత్రి వుండేవారికి ఆ రుసుం లేదు! వచ్చిపోయేవారికి, వచ్చి వుండేవారికి తేడా ఏమిటో ఆ నగరపాలకులు లెక్క గట్టుకున్నారన్న మాట. అమెరికాలోని అలాస్కా రాష్ట్ర రాజధాని జూనో అయితే రోజుకు అయిదు పెద్ద నౌకలకు మించి రాకుండా నౌకా సంస్థలతో ఒప్పందమే చేసుకుంది.

కారే నౌక

ఇక గండికోటకు వద్దాం. శని, ఆదివారాలలో ఇక్కడికి వచ్చే కార్లలో బెంగుళూరు బండ్లే ఎక్కువగా కనిపిస్తాయి. రాత్రి బయలుదేరి, తెల్లవారుతుండగా పెన్న లోయ అంచున నిలబడి సూర్యోదయం చూసి, జుమ్మా మసీదు, ధాన్యాగారం, మాధవరాయ స్వామి గుడి, రంగనాథ స్వామి గుడి తిరిగి, మధ్యాహ్నానికి బెలూం గుహలకు దారితీస్తారు. నీళ్ళ సీసాలు, తినుబండారాలు బండిలోనే వుంటాయి. విశాఖకు వచ్చే నౌకకు, ఇక్కడికి వచ్చే కారుకు ఇంజను తేడాయే తప్ప బేరంలో తేడా లేదు. ఖాళీ సీసాలు మాత్రం లోయ అంచున మిగులుతాయి. రాత్రికి నిలవదలచిన వారికి పర్యాటక శాఖ హరిత హోటలు, ప్రైవేటువారు వేసే గుడారాలు వున్నాయి. సెలవు రోజుల గిరాకీకి ఇవి ఏమూలకూ చాలవు.

ఒకప్పుడు ఈ కోటకు ఓడ దిగి వచ్చినవాడు ఒకడున్నాడు. ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే 1652లో మచిలీపట్నం రేవులో దిగి, మద్రాసు మీదుగా గండికోట చేరాడు. కోటను కొత్తగా పట్టుకున్న గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఆ సమయంలో ఇక్కడే వున్నాడు. సరుకు ముందుగా అతనికి చూపనిదే గోల్కొండ సుల్తానుకు అమ్మడం సాధ్యం కాదు. అందుకని వర్తకుడు కొన్నాళ్ళు ఇక్కడే మకాం వేశాడు. ఆనాడు గండికోటలో పని వున్నది కాబట్టి నిలిచాడు. ఈనాటి యాత్రికునికి ఇక్కడ రాత్రి నిలవవలసిన పని ఏమిటో మనం ఇంతవరకు కల్పించలేదు.

కోటలోని ఊరు, నీటిలోని ఊళ్ళు

అందరూ మరచిపోతున్న విషయం ఒకటి వున్నది. కోట గోడల లోపల ఊరు వున్నది. ఇళ్ళున్నాయి, పిల్లలున్నారు. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోనిది. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన మరి 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. వున్న ఇంటికి మరమ్మతు చేసుకోవాలన్నా దరఖాస్తు పెట్టుకోవాలి. కట్టడాలను కాపాడేందుకు ఈ చట్టం అవసరమే, కాదనేవారు లేరు. కాని దాని ఫలితం చూడండి: యాత్రికుల కోసం ఇంటి పక్కన రెండు గదులు వేసుకుందామనుకున్న గ్రామస్థునికి చట్టం అడ్డు నిలుస్తుంది, ఆ పరిధి దాటి ఎకరాలు తీసుకోగల పెద్ద హోటలుకు అడ్డేమీ లేదు. వున్న ఇంటిలోనే ఒక గదిని యాత్రికులకు ఇచ్చుకునే వెసులుబాటును చట్టానికి లోబడి కల్పించవచ్చు. అధికారులు ఆ దిశగా ఆలోచించవలసి వున్నది.

కోటకు ఎగువన గండికోట జలాశయం. గాలేరు నగరి సుజల స్రవంతిలో భాగమైన దీని సామర్థ్యం 26.85 టి.ఎం.సి.లు. కొండాపురం, ముద్దనూరు మండలాలలోని 22 గ్రామాలు దీని ముంపు కిందికి వచ్చాయి. నీటిమట్టం పెంచుతున్నప్పుడు, 2020లో, పరిహారం పూర్తిగా అందలేదంటూ తాళ్ళప్రొద్దుటూరు వాసులు రోజుల తరబడి ఆందోళన చేసిన విషయం జిల్లా ప్రజలకు గుర్తుండే వుంటుంది. ఊరు ఖాళీ అయింది, నీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళ మీద పడవ విహారం ఇప్పుడు పర్యాటక ప్రణాళికలలో ముఖ్యాంశం. ఎవరి పొలాల మీద ఆ పడవ తిరుగుతుందో వారి పిల్లలకు కనీసం ఆ పడవలో ఉద్యోగమైనా వుండాలని కోరడం గొంతెమ్మ కోరిక కాదు.

పడవ అనగానే కచ్చులూరు గుర్తుకు రావాలి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో రాయల్ వశిష్ట బోటు మునిగి యాభై మంది దాకా జలసమాధి అయ్యారు. బోటును నీటి నుంచి పైకి తీయడానికే 38 రోజులు పట్టింది. ఆ తర్వాతనే బోట్ల అదుపునకు కంట్రోలు రూములు ఏర్పాటయ్యాయి. మెట్టప్రాంతపు జనానికి ఈత రాదు. పెన్న సంగతి సరే, ఇక్కడ చాలామందికి నిండుగా నీళ్ళున్న చెరువును చూడడమే పండుగ. లైఫ్ జాకెట్లు, బోటు సామర్థ్య పరీక్ష, శిక్షణ పొందిన సరంగులు లేకుండా టిక్కెట్లు చింపడం మొదలుపెడితే జరగరానిది జరుగుతుంది.

నేల మీద భద్రత కూడా అంతే ముఖ్యం. 2025 జులైలో గండికోటలో ఒక ఇంటరు విద్యార్థిని హత్యకు గురికావడం జిల్లానంతటినీ కలచివేసింది. విశాలమైన కోటలో దీపం, కాపలా లేని మూలలు ఎన్నో. రాత్రి బస చేయమని యాత్రికులను పిలవాలంటే ముందు కావలసింది రంగురంగుల దీపాల ప్రదర్శన కాదు, దారి కనిపించే మామూలు దీపాలు.

పదిహేను కిలోమీటర్ల మేర

గండికోట నుంచి జమ్మలమడుగు పదిహేను కిలోమీటర్లు. యాత్రికుడు రెండవ రోజు కూడా నిలవడానికి కావలసినదంతా ఈ చుట్టుపక్కలనే వున్నది. పెన్న ఒడ్డున దానవులపాడులో 1903లో పురావస్తు శాఖ తవ్వకాలు జరిపి ఇసుకలో పూడిపోయిన జైన ఆలయాన్ని బయటపెట్టింది. మైలవరం మండలంలో వేపరాల, దొమ్మరనంద్యాల గ్రామాల నేతగాళ్ళు మగ్గాల మీద పట్టుచీరలు నేస్తున్నారు. అటు ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ సంగతి చెప్పనే అక్కరలేదు. చీర నేసే మగ్గం దగ్గర ఒక గంట కూర్చున్న యాత్రికుడు ఒక చీర కొనకుండా లేవడం కష్టం. ఆ సొమ్ము నేరుగా నేతగాని ఇంటికే చేరుతుంది. సేఠుకు, దళారికి వాటా ఇవ్వనక్కరలేని బేరం నేతగానికి ఏడాదికి ఎన్నిసార్లు తగులుతుంది?

పెద్దముడియం మాట కూడా చెప్పుకోవాలి. కుందూ నది పక్కన నల్లరేగడిలో శనగ పండించే ఈ ఊరే తూర్పు చాళుక్యుల శాసనాలలోని ముడివేము అగ్రహారమని చరిత్రకారులు గుర్తించారు. అయోధ్య నుంచి దండెత్తి వచ్చిన విజయాదిత్యుడు త్రిలోచన పల్లవునితో జరిగిన యుద్ధంలో మరణించగా, గర్భవతి అయిన రాణికి ముడివేములో విష్ణుభట్ట సోమయాజి ఆశ్రయమిచ్చాడని, ఆమెకు పుట్టిన విష్ణువర్ధనుడే వంశాన్ని నిలబెట్టాడని ఆ శాసనాలు చెప్పే కథ. అది కథే కావచ్చు. కాని వేంగి రాజులు తమ పుట్టుక చెప్పుకోవలసి వచ్చినప్పుడు తలచుకున్నది ఈ ఊరినే. ఒకే పలక మీద గణపతి, నరసింహుడు, శివలింగం, మహిషమర్దని వరుసగా చెక్కిన ప్రాచీన శిల్పం ఇక్కడ దొరికింది. దేవతా విగ్రహాల చరిత్ర రాసేవారు దానిని ప్రస్తావించకుండా వుండరు. అది మ్యూజియంకు చేరింది. దాని నకలు చెక్కించి ఊళ్ళో నిలపడానికి, నాలుగు మాటలు రాసిన బోర్డు పెట్టడానికి కోట్లు అక్కరలేదు.

రవాణా విషయంలో నంద్యాల, ఎర్రగుంట్ల రైలుమార్గం 2016లో పూర్తయి జమ్మలమడుగుకు రైలు వచ్చింది. రైలు దిగినవానికి కోట దాకా వేళకు బస్సు వుంటే కారులేని యాత్రికుడు కూడా వస్తాడు. కారులేనివాడు ఊళ్ళో తింటాడు, ఊళ్ళో పడుకుంటాడు. ఆర్.టి.సి. డిపో జమ్మలమడుగులోనే వున్నది. శని, ఆదివారాలలో రైళ్ళ వేళలకు కోటకు, దానవులపాడుకు, మైలవరానికి కలిపి ఒక బస్సు తిప్పి చూడవచ్చు.

హోటలువారితోగాని, బోట్లు నడిపేవారితోగాని ప్రభుత్వం చేసుకునే ఒప్పందాలలో స్థానికులకు ఎన్ని ఉద్యోగాలు, ఎంత కాలానికి అన్న షరతును స్పష్టంగా రాయించడం జిల్లా యంత్రాంగం చేతిలోని పనే. ముంపు గ్రామాల యువకులకు మొదటి అవకాశం, సరంగు శిక్షణ ఖర్చు సంస్థదే అన్న రెండు వాక్యాలు ఆ కాగితాలలో వున్నాయో లేదో తాళ్ళప్రొద్దుటూరు వారికి తెలియజేయవలసిన బాధ్యత కూడా ఆ యంత్రాంగానిదే.