ఖాళీ కొలువుల్లో మన వాటా ఎంత?

ఎనిమిదవ వేతన సంఘం ఏర్పాటుతో పాత వాదన మళ్లీ మొదలైంది. ప్రభుత్వోద్యోగులు మితిమీరిపోయారట, వారి జీతాలు ఖజానాకు భారమయ్యాయట, కనుక కొలువులు తగ్గించాలట. ఈ మాటకు తల ఊపే ముందు ముస్లిం సమాజం ఒకసారి లెక్క చూసుకోవాలి.

ఖర్చు పెరిగిన మాట నిజమే. కేంద్ర ఉద్యోగి కనీస మూలవేతనం 1996లో 2,550 రూపాయలు. 2006లో అది 7,000కు, 2016లో 18,000కు చేరింది. ఏడవ వేతన సంఘం సిఫారసుల వల్ల మొదటి ఏడాదిలోనే లక్ష కోట్ల రూపాయలకు పైగా అదనపు వ్యయమవుతుందని అంచనా వేశారు. అయితే పెరిగినవి ధరలు, వేతనాలు, పింఛన్లు. మనుషుల సంఖ్య పెరగలేదు. 1991 ప్రాంతంలో రైల్వేలో సుమారు పదహారున్నర లక్షల మంది పనిచేసేవారు. ఇటీవలి సంవత్సరాల్లో ఆ సంఖ్య పన్నెండు లక్షల దరిదాపుల్లోనే ఉంది. కేంద్రం పార్లమెంటుకు ఇచ్చిన వివరాల ప్రకారం 2021 మార్చి 1 నాటికి మంజూరైన 40.35 లక్షల పోస్టుల్లో 9.79 లక్షలు ఖాళీ. అంటే దాదాపు ప్రతి నాలుగు కుర్చీల్లో ఒకటి ఖాళీగా ఉంది.

ఈ కోత ఒక్కరోజులో రాలేదు. సిబ్బందిని 30 శాతం తగ్గించాలని 1997లో ఐదవ వేతన సంఘం సూచించింది. ఏటా ఏర్పడే ప్రత్యక్ష నియామక ఖాళీల్లో మూడో వంతే భర్తీ చేయాలని 2001లో కేంద్రం ఉత్తర్వులిచ్చింది. 2008లో ఆరవ వేతన సంఘం గ్రూప్-డి శ్రేణినే ఎత్తివేయమంది. ఆ తరువాత ప్యూను కొలువుకు కూడా పదవ తరగతి తప్పనిసరి అర్హత అయింది. ఊడ్చే పని, కాపలా పని క్రమంగా గుత్తేదారుల చేతికి వెళ్లాయి.

ఇప్పుడు 2006 నాటి సచార్ కమిటీ నివేదికను పక్కన పెట్టి చూడండి. అప్పటి జనాభాలో 13.4 శాతమున్న ముస్లింలు ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం, రైల్వేలో 4.5 శాతం మాత్రమే. రైల్వేలోని ఆ ముస్లిం ఉద్యోగుల్లోనూ 98.7 శాతం మంది కింది స్థాయిలోనే ఉన్నారు. కోత పడిన మెట్టు కూడా అదే. పై మెట్టు మనకు ఎన్నడూ అందలేదు. అందిన కింది మెట్టును పొదుపు పేరిట తొలగించారు. గుత్తేదారు కింద పనిచేసే యువకునికి ఉద్యోగ భద్రత లేదు, పదోన్నతి లేదు, పింఛను లేదు.

ప్రతి పోస్టూ యథాతథంగా ఉండాలని ఎవరూ కోరరు. కంప్యూటరు వచ్చాక కొన్ని పనులకు మనుషుల అవసరం తగ్గింది. కానీ ఆ తగ్గింపు ఎవరి ఇంటి దీపాన్ని ఆర్పిందో చెప్పకుండా దానిని సంస్కరణ అనడం న్యాయం కాదు.

ఇన్నేళ్లుగా మన ఉద్యమాలు వాటా గురించే మాట్లాడాయి. వాటా ఇవ్వవలసిన రొట్టె చిన్నదైపోతుంటే శాతాల పోరాటం ఒక్కటే చాలదు. ఖాళీల భర్తీకి గడువు విధించాలని, ప్రతి నియామక సంస్థ మతాలవారీ వివరాలు ప్రకటించాలని, సచార్ కమిటీ కోరిన సమాన అవకాశాల కమిషన్‌ను నెలకొల్పాలని ఈ సంఘాలన్నీ ఒక్క గొంతుతో అడగాలి.

కుటుంబాలకూ ఒక మాట. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ నిర్వహించే మల్టీ టాస్కింగ్ స్టాఫ్ పరీక్షను 2023 నుంచి తెలుగులోనూ, ఉర్దూలోనూ రాయవచ్చు. పదవ తరగతి పూర్తి చేసిన ప్రతి బిడ్డకూ ఆ తలుపు తెరిచే ఉంది. ఆడపిల్లను ఎనిమిదితో, మగపిల్లవాణ్ణి తొమ్మిదితో బడి మాన్పిస్తే ఆ తలుపును మన చేతులతో మనమే మూసుకున్నట్టు. ప్రభుత్వాన్ని నిలదీయడం, పిల్లలను బడిలో నిలబెట్టడం రెండూ ఒకేసారి జరగాలి.