దూకుటకు ముందు దొర్లుట నేర్వవలెను

మన యాడికి ప్రాంతమున మేఘము కొరకు తప్ప మరి దేనికొరకును తలయెత్తి ఆకాశమును చూచు అలవాటు తక్కువ. అట్టి నేలమీద పుట్టిన మన విద్యార్థులలో కొందరు, విమానమునుండి పారాచూటుతో దూకుట నేర్చుకొనవలెనని ఉన్నదని మాతో అనుచున్నారు. విన్న పెద్దలలో కొందరు నవ్విరి, కొందరు కోపపడిరి. మేము నవ్వలేదు. ఆ కోరికలో తప్పు లేదు. తప్పు ఏమైన ఉన్న, అది దానిని సాహసవిద్యగా ఎంచుటలో ఉన్నది. మా అభిప్రాయమున ఇది జాగ్రత్తపరుల విద్య.

దీనిలో తొలి పాఠము గాలిలో కాదు, నేలమీదనే. పాదములు, మోకాళ్లు దగ్గరకు చేర్చి, మోకాళ్లను కొంచెము వంచి, కాలు నేల సోకగానే పిక్క, తొడ, పిరుదు, వీపు ప్రక్క వరుసగా నేలకు ఆనునట్లు దొర్లవలెను. దెబ్బ ఒకచోట పడక శరీరమంతటికిని పంచబడును. చిన్న అరుగుమీదినుండి దూకించి దీనిని విసుగు పుట్టువరకు చేయింతురు. ఆ విసుగును ఓర్వలేనివాడు విమానమెక్కకుండుటయే మేలు.

ఇక పైసంగతి. పొట్ట నేలవైపు ఉంచి, నడుము విల్లువలె వంచి పడునపుడు మనిషి వేగము గంటకు సుమారు 190 కిలోమీటర్లు, అనగా సెకనుకు 170 అడుగులకు పైమాట. కాబట్టి 5,000 అడుగుల ఎత్తు అరనిమిషములో కరిగిపోవును. ఆ అరనిమిషమును నమ్ముకొనుట తగదు. ఒంటరిగా దూకు కొత్త విద్యార్థి ముంజేతికి కట్టుకొన్న ఎత్తుమాపకమును మాటిమాటికి చూచుకొనుచు, దాదాపు ఆ 5,000 అడుగులు మిగిలియుండగనే పారాచూటు తెరువవలెను. వీపున ఉండునవి రెండు పారాచూటులు. మొదటిది సరిగా విచ్చుకొనకున్న, దానిని విడిచివేసిన తరువాతనే రెండవదానిని తెరువవలెను. ఈ క్రమము తలక్రిందులైనచో రెండును పెనవేసికొను ప్రమాదము కలదు. చేయి ఆలోచించి కదలుటకు అక్కడ వ్యవధి లేదు. అందుచేతనే నేలమీద అంత అభ్యాసము.

గాలి మాట మనవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఆషాఢమున మన పీఠభూమిపై అది ఎట్లు వీచునో ఎరుగుదుము. కళ్లములో తూర్పారబట్టు రైతు గాలి రావలెనని కాచుకొనును. పారాచూటు విద్యార్థి అది తగ్గవలెనని కాచుకొనును. అమెరికా పారాచూటు సంఘమువారి నియమము ప్రకారము, ఒంటరిగా దూకు విద్యార్థికి నేలమీది గాలి గంటకు 14 మైళ్లు మించరాదు. మించినదని గురువు చెప్పిన, ఎక్కిన విమానములోనే తిరిగి దిగివచ్చుట అవమానము కాదు. 2023 అక్టోబరు 21న మన శ్రీహరికోటలో గగనయాన్ పరీక్షా ప్రయోగము ఇంక ఐదు సెకనులే ఉన్నదనగా యంత్రము తనంతట తానే ఆగిపోయినది. కారణము తెలిసికొని, ఆ ఉదయమే పది గంటలకు ప్రయోగించిరి. పారాచూటులు వరుసగా విచ్చుకొని, వ్యోమగాముల కొరకు రూపొందించిన గది బంగాళాఖాతమున దిగినది. అంతటి శాస్త్రజ్ఞులే ఆగినపుడు మనము ఆగుటకు సిగ్గేల?

నేర్చుకొనుట ఎక్కడ? నేడు హర్యానాలోని నార్నౌల్ వంటి చోట్ల గురువు దేహమునకు కట్టించుకొని దూకు ఏర్పాటు ఉన్నది. ఒక్క దూకునకే పదులవేల రూపాయలు. వేరుసెనగ పంటమీద బ్రతుకు ఇంటికి అది భారము. పైగా అది ఒక అనుభవమే కాని విద్య కాదు. పని అంతయు గురువే చేయును. ఫోటో కొరకైతే వేరుమాట! మనవంటి వారికి తగిన ద్వారము ఎన్.సి.సి. అని మా నమ్మకము. ఎంపికైన కేడెట్లకు ఆగ్రాలోని సైనిక పారాచూటు శిక్షణ పాఠశాలలో ప్రాథమిక శిక్షణ కలదు. అచ్చట సుమారు 1,250 అడుగుల ఎత్తునుండి దూకుదురు. విమానమునకు తగిలించిన త్రాడే పారాచూటును తెరచును. రేచల్ థామస్ గారు 1979లో తొలిసారి దూకినది ఆగ్రాలోనే. 2002లో వారు ఉత్తరధ్రువముపై దూకిరి. ఎంపిక సులభము కాదు. కాని మన పల్లెల కళాశాలలలో ఎన్.సి.సి.ని జెండా వందనమునాటి కవాతునకు పరిమితము చేసి, ఆపై మనవారికి ధైర్యము లేదనుట న్యాయము కాదు.

మూర్ఛరోగము, గుండెజబ్బు, వెన్నునొప్పి ఉన్నవారు దాచరాదు. చౌకగా దూకింతుమని చెప్పువారిని వారి అనుమతిపత్రము, గురువు అర్హత, రెండవ పారాచూటును మడచినదెవరు, ఎప్పుడు అని అడుగవలెను. అడిగినందుకు విసుగుకొనువారిని విడిచి రావలెను. ఇంట చెప్పక వెళ్లుటకు మేము సమ్మతింపము. అమ్మతో చెప్పునపుడు మాత్రము రెండవ పారాచూటు సంగతి ముందు చెప్పుడు.