ఫీల్డ్ మారాలనుకుంటున్నారా?

అమీర్‌పేట మెట్రో నుంచి పంజాగుట్ట వైపు నడిస్తే, కోచింగ్ బోర్డుల కింద ఒకటే ప్రశ్న: "ఇప్పుడు ఫీల్డ్ మారితే చదివిన నాలుగేళ్లూ వేస్టే కదా అన్నా?" బీటెక్ అయ్యాక నేనూ ఈ ప్రశ్నతోనే ఇక్కడ తిరిగా.

రాజమండ్రి కోకా సుబ్బారావు గారిని చూడండి. లా చదివి బాపట్లలో జిల్లా మున్సిఫ్ అయ్యారు. కొన్నాళ్లకే ఆ ఉద్యోగం వదిలి మద్రాసులో మళ్లీ ప్రాక్టీసు పెట్టారు. 1948లో హైకోర్టు జడ్జి. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి. 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి. రిటైర్మెంటు మూడు నెలలుందనగా, 1967 ఏప్రిల్‌లో రాజీనామా చేసి, ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడారు. న్యాయమూర్తికి రాజకీయాలేంటన్న విమర్శలూ వచ్చాయి. అవి సబబైనవే.

కానీ ఎన్నిసార్లు మారినా చట్టం మీద పట్టు ఆయన వెంటే ఉంది. ఓడిన ఏడాదే ఇచ్చిన గోలక్‌నాథ్ తీర్పును లా విద్యార్థులు ఇప్పటికీ చదువుతున్నారు.

మూడు కోర్సులు సగం సగం నేర్చి మారితే, ప్రతిసారీ సున్నా నుంచే. ఒక్కటి గట్టిగా నేర్చుకుని మారండి. తర్వాతి ఫీజు కట్టే ముందు ఒక్క మాట అడగండి: రేపు ఫీల్డ్ మారినా, ఇందులో నాతో వచ్చేదేంటి?