సజ్జా కింద చుట్టాలు

వేప పూత మొదలైందంటే మన నరసరావుపేటలో కొన్ని ఇళ్ళకి పిలవని చుట్టాలు దిగుతారు. వాళ్ళు గుమ్మం తొక్కరు, సజ్జా కింద వేలాడతారు. అదేనండీ, తేనెతుట్టె!

పోయినేడు మా మేడ సజ్జాకి చేటంత తుట్టె పట్టింది. "పిల్లలున్న ఇల్లు, రాత్రికి కాగడా పెట్టించెయ్యండి" అన్నారు ఇరుగుపొరుగు. నేనూ సరేనన్నాను. మాచర్ల నుంచి వచ్చిన మా అత్తయ్యగారు మాత్రం "కాస్త ఆగమ్మా, అదీ ఒక సంసారమే" అన్నారు. ఆ సంసారం సంగతేమిటో తెలుసుకున్నాక కాగడా మాటే ఎత్తలేదు. మీరూ వినండి.

మేడలకీ, నీళ్ళట్యాంకులకీ పట్టేది పెద్ద తేనెటీగ. దానిది ఒకటే పెర, ఆరుబయటే వేలాడుతుంది. పెరటి కొమ్మకి అరచెయ్యంత పెర పెట్టేది చిన్న తేనెటీగ. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో వరసగా కొన్ని పెరలు కట్టేది పుట్టతేనెటీగ. ఈ మూడింటిలో పెట్టెల్లో పెంచడానికి ఒదిగేది ఇదొక్కటే.

గూటికి కావలసిన మైనం కూలీ ఈగ పొట్ట కిందనుంచే రేకులుగా వస్తుంది. దాన్ని నమిలి మెత్తజేసి ఆరు పలకల గదులు కడుతుంది. ఆరు పలకలే ఎందుకంటారా? గుండ్రటి గిన్నెలు పక్కపక్కన పేర్చి చూడండి, మధ్యలో సందులు మిగుల్తాయి. ఆరు పలకలకైతే సందే ఉండదు, ఒక్క గోడ రెండు గదులకీ సరిపోతుంది. తక్కువ మైనం, ఎక్కువ చోటు. మన పొదుపు దాని ముందు ఏపాటిది!

రాణి ఒక్కతే, ఆమె పని గుడ్లు పెట్టడం. మిగతా చాకిరీ అంతా కూలీ ఈగలది. అవన్నీ ఆడవే! పోతుటీగలు ఇంటిపని ముట్టుకోవు. (నవ్వకండి!) కూలీ ఈగ మొదట గదులు శుభ్రం చేస్తుంది, తర్వాత పిల్లలకు మేత పెడుతుంది, ఆపైన గూడు కడుతుంది, చివరికి పూలకోసం బయల్దేరుతుంది. పూలెక్కడున్నాయో తోటివాటికి నాట్యంచేసి చెబుతుంది. ఆ నాట్యభాష విప్పిన కార్ల్ వాన్ ఫ్రిష్‌కి 1973లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. రెంటచింతల ఎండలాంటి ఎండలోనూ నీళ్ళు మోసుకొచ్చి, రెక్కలతో విసిరి పిల్లలకు వేడి తగలకుండా కాస్తాయి.

ఇంతా చేసి, పూల కాలంలో కూలీ ఈగ బతికేది సుమారు ఆరువారాలు. జన్మంతా కష్టపడితే కూడేది చిన్నచెంచాలో పన్నెండోవంతు తేనె! ఆ తేనెకోసమే నల్లమల చెంచులు తాళ్ళు పట్టుకుని కొండచరియలు దిగుతారు. ఈసారి గిరిజన తేనె సీసా ధర చూసి పెదవి విరవకండి.

పూత అయిపోగానే మా చుట్టాలు చెప్పకుండానే వెళ్ళిపోయాయి. ఎవరినీ కుట్టలేదు. పైగా మా గుమ్మడిపాదుకి పిందె బాగా నిలిచింది. గుమ్మడికి మగపువ్వు, ఆడపువ్వు వేరువేరు కదా, ఈగ వాలకపోతే పిందె రాలిపోతుంది.

మీ ఇంటికీ వస్తే మంట పెట్టకండి. పిల్లల్ని రాళ్ళు విసరనివ్వకండి. రాత్రిపూట ఆ పక్క దీపం వెయ్యకండి, వెలుగుకి వచ్చేస్తాయి. తప్పనిసరిగా తీయించాలంటే పని తెలిసినవాళ్ళనే పిలవండి. చాలా ఈగలు కుడితే మాత్రం ఇంటివైద్యం వద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

ఇంకొక్క మాట. ఏడాది నిండని పసివాళ్ళకు తేనె నాకించే అలవాటు మానేయండి. తేనెలో ఉండే ఒక సూక్ష్మక్రిమి వాళ్ళకి ప్రాణం మీదికి తేవచ్చు. పెద్దవాళ్ళం మనం తిందాం, ఆ ఈగమ్మలకు దణ్ణం పెట్టుకుని!