పిల్లల యాటబిళ్లలకు ప్రతులు తీయుట



పట్టుబట్టల మడతలలో వేపాకు వేయుట, ఊరగాయ జాడీకి వాసెన కట్టుట, పాతపుస్తకములను ఎండకు చూపుట మనకు పెద్దలు నేర్పిన పనులే. ఇంటిలోని వస్తువు చెడకుండ కాపాడుట గృహిణి ధర్మములలో నొకటి. ఈ మాసమున మన పెద్దలెరుగని యొక వస్తువును గూర్చి వ్రాయుచున్నాను. అమెరికాలో కాపురముండు సోదరి యొకతె వ్రాసిన యుత్తరమే దీనికి కారణము. ఆమె కుమారుడు బాల్యమున నాడుకొనిన 'గేమ్ బాయ్' అను చేతియాట యంత్రమును, కార్ట్రిడ్జి అని పిలువబడు దాని బిళ్లలు పదియును ఒక యట్టపెట్టెలో నున్నవట. "వీనిని పారవేయవలెనా? ఉంచినచో నివి యెంతకాలము నిలుచును?" అని యామె ప్రశ్న.

పారవేయవలదు. కాని యూరక పెట్టెలో నుంచినను నిలువవు. ఈ రెండు మాటలకును కారణము చెప్పెదను.

గేమ్ బాయ్ యంత్రమును జపానులోని క్యోటో నగరమునకు చెందిన నింటెండో సంస్థవారు 1989వ సంవత్సరము ఏప్రిలు 21వ తేదీన విడుదల చేసిరి. గున్‌పే యొకోయి అను నాతడు దాని నిర్మాణమునకు నాయకుడు. ఆ యంత్రమును, 1998లో వచ్చిన రంగుల గేమ్ బాయ్‌ను కలిపి లోకమున 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడుపోయినవి. యంత్రములో నాట యుండదు. ఆట బిళ్లలో నుండును. బిళ్లను మార్చిన నాట మారును.

ఆ బిళ్లలో రెండు విధములైన వ్రాతలు కలవు. మొదటిది కర్మాగారమున వ్రాయబడినది. దీనిని రోమ్ అందురు. ఇది యాట యొక్క మూలగ్రంథము. దీనిని పిల్లవాడు మార్పజాలడు. రెండవది పిల్లవాడే వ్రాసినది. ఎంతవరకు ఆడెను, ఏమి సంపాదించెను, తన పాత్రకు ఏ పేరు పెట్టెను అను లెక్కయంతయు ర్యామ్ అను వేరొక చిప్పులో నుండును. 1998లో అమెరికాలో విడుదలైన 'పోకెమాన్ రెడ్' అను ప్రసిద్ధమైన యాటలో మూలగ్రంథము 1 మెగాబైటు. పిల్లవాని లెక్కకు కేటాయించిన స్థలము 32 కిలోబైట్లు మాత్రమే.

ఆ కొంచెపు స్థలములో నెంత బాల్యమున్నదో చూడుడు. ఆ యాటయొక్క ఇంగ్లీషు ప్రతిలో ఆటగాని పేరునకు ఏడక్షరములే చోటు. శ్రీనివాస్ అను పేరు ఇంగ్లీషున ఎనిమిదక్షరములు. అట్టి పేరుగల బాలుడు చివరి యక్షరమును వదలుకొనియో, పేరును కుదించియో వ్రాసికొనవలసి యుండెను. ఏది వదలెనో, తన పెంపుడు జంతువులకు ఏ ముద్దుపేర్లు పెట్టెనో ఆ బిళ్లలో తప్ప లోకమున మరెచ్చటను లేదు. మూలగ్రంథమునకు లక్షలకొలది ప్రతులున్నవి. పిల్లవాని వ్రాతకు ప్రతి యొక్కటే.

అపాయమంతయు నిచ్చటనే యున్నది. ఆ ర్యామ్ చిప్పు తనంతట తాను ఏమియు జ్ఞాపకముంచుకొనలేదు. బిళ్లలోపల గుండీ వంటి చిన్న బ్యాటరీ యొకటి, 16 లేక 20 మిల్లీమీటర్ల వెడల్పు గలది, పగలును రేయియు కొలదిపాటి విద్యుత్తు నందించుచుండిననే ఆ వ్రాత నిలుచును. అది యారినచో వ్రాత మాయమగును. మరల కొత్త బ్యాటరీ వేసినను తిరిగిరాదు. 2000లో అమెరికాకు వచ్చిన పోకెమాన్ 'గోల్డ్', 'సిల్వర్' బిళ్లలలో గడియారము కూడ నుండుటచే బ్యాటరీ మరింత త్వరగా ఖర్చగును. అప్పటి బిళ్లలకు నేడు పాతికేండ్లు దాటినవి. అనేకము ఇప్పటికే యారినవి, మిగిలినవి యారబోవుచున్నవి. 'టెట్రిస్' వంటి కొన్ని యాటలకు బ్యాటరీయే లేదు. వానిలో పిల్లల వ్రాత యేమియు నిలువదు. 2001లో వచ్చిన గేమ్ బాయ్ అడ్వాన్స్ బిళ్లలలో పెక్కింట బ్యాటరీ లేకయే వ్రాత నిలుచును.

ఇక ప్రతి తీయు విధానము. బిళ్ల అంచున 32 లోహపు గీతలుండును. వీనిని చదువుటకై కంప్యూటరునకు తగిలించు చిన్న పరికరములు దొరకుచున్నవి. జీబీఎక్స్‌కార్ట్, జీబీ ఆపరేటర్ అనునవి యట్టివి. ముందుగా చెవిపుల్ల దూదిని ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపి ఆ గీతలను మెల్లగా తుడిచి ఆరనీయవలెను. పిల్లలు చేయునట్లు నోటితో ఊదరాదు. ఊపిరి తడి లోహమునకు చేటు. పాత బిళ్లలు 5 వోల్టులతోను, అడ్వాన్స్ బిళ్లలు 3.3 వోల్టులతోను పనిచేయును గనుక, పరికరమున ఆ మీట యున్నచో సరిగా పెట్టితిమా యని చూచుకొనవలెను.

యంత్రము బిళ్లలోని 32 కిలోబైట్లను మాత్రమే యొకసారి చూడగలదు. పెద్ద యాటలను 16 కిలోబైట్ల భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమును ముందుకు తెచ్చుటకు వేరొక చిప్పు నుంచిరి. పోకెమాన్ రెడ్‌లో నట్టివి 64 భాగములు. చదువు పరికరము ఆ చిప్పునకు ఆజ్ఞ లిచ్చుచు, తాటియాకు పుస్తకమున నొక్కొక్క యాకును త్రిప్పి ఎత్తివ్రాసినట్లు, అన్నిటిని వరుసగా ఎత్తివ్రాయును.

ఇచ్చట నొక్క హెచ్చరిక. తెరమీద 'బ్యాకప్' అనియు 'రిస్టోర్' అనియు రెండు మాటలు కనబడును. మొదటిది బిళ్లనుండి కంప్యూటరునకు తెచ్చును. రెండవది కంప్యూటరునుండి బిళ్లకు వ్రాయును. తొందరలో రెండవది నొక్కినచో ఉన్న వ్రాత చెరిగిపోవును. పిల్లవాని వ్రాతను ముందు తీసి, మూలగ్రంథమును తరువాత తీయుట మేలు. బ్యాటరీ యెప్పు డారునో తెలియదు గదా!

ప్రతి సరియైనదా యని చూచుట యెట్లు? పూర్వము లేఖకులు ముప్పదిరెండక్షరముల కొక గ్రంథ మని లెక్కించి, పుస్తకము చివర గ్రంథసంఖ్య వేసెడివారు. ఈ బిళ్లలలోను అట్టి యేర్పాటున్నది. అందలి అంకెలన్నిటిని కూడగా వచ్చు మొత్తమును మొదటి భాగముననే వ్రాసి యుంచిరి. తీసిన ప్రతిలోని మొత్తము దానితో సరిపోవలెను. నో-ఇంట్రో అను ఔత్సాహికుల కూటమివారు ఆటల మూలగ్రంథములకు సరిచూచు గుర్తుల పట్టికలు కూర్చినారు, వానితోను పోల్చవచ్చును. పిల్లవాని వ్రాతకు మాత్ర మెవరును పట్టిక వేసి యుండరు గనుక, దానిని రెండుసార్లు తీసి, రెండును ఒక్కటిగా నున్నవో లేవో చూడవలెను.

ప్రతి చేతికి వచ్చినపిమ్మటనే బ్యాటరీ మార్పించవలెను. అది లోహపు రేకులతో అతికించబడి యుండును గనుక, సోల్డరింగు తెలిసిన వానిచేతనే మార్పించుట యుక్తము. పాత బ్యాటరీ తీసినతోడనే వ్రాత పోవును. కొత్తది వేసిన పిదప 'రిస్టోర్' చేసి మరల నిలుపవచ్చును. ఆ మాట కప్పుడే పని.

"ఆ యాట యంగడిలో దొరకదా?" యని కొంద రందురు. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వారు 2023లో ప్రకటించిన పరిశీలనలో, 2010కి ముందు ఆ దేశమున విడుదలైన యాటలలో నూటికి 87 అప్పటికి అమ్మకమున లేవని తేలినది. గేమ్ బాయ్ యాటలలో దొరకునవి నూటికి ఆరు కూడ లేవు. పాత యాటలు కొన్నిటిని అమ్ముచుండిన నింటెండో 3డీఎస్ యంత్రపు దుకాణమును ఆ సంస్థవారే 2023 మార్చి 27వ తేదీన మూసివేసిరి. అంగడిని నమ్ముకొని యింటి వస్తువును పారవేయుట వివేకము కాదు.

ధర్మశంక కూడ తీర్చుకొందము. మనదేశపు 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము 52వ సెక్షనులో, న్యాయముగా కంప్యూటరు ప్రోగ్రాము ప్రతిని కలిగియున్నవారు నష్టము నుండి రక్షణకై ప్రతి తీసికొనుటకు అనుమతి కలదు. అమెరికా చట్టమున 117వ సెక్షను సొంతదారునకు నిట్టి వీలు కల్పించుచున్నది. ఇది మన వస్తువును మనము కాపాడుకొనుటకే. ప్రతులు తీసి ఊరివారికి పంచుటకు గాని యమ్ముటకు గాని కాదు.

తీసిన ప్రతిని ఒక్కచోట నుంచిన లాభము లేదు. ఇంటి కంప్యూటరులో నొకటి, వేరొక డిస్కులో నొకటి, దూరముననున్న బంధువుల యింట నొకటి యుంచుడు. ఏ యాట, ఎవరిది, ఏ యేడు తీసితిరి యను మూడు సంగతులును ప్రతిదానితో వ్రాసి యుంచుడు. పని మొదలుపెట్టుటకు ముందు, వయసు వచ్చిన యా బిడ్డనే పిలిచి యడుగుడు. ఏ బిళ్లలో తన పేరున్నదో వానికే తెలియును. ముందు దానిని తీయుడు.